ఉత్తర ఐర్లాండ్ కాజ్‌వే తీరం: దేనికి టికెట్టు కొనాలి, దేనికి అక్కర్లేదు

సముద్రం ఒడ్డున లావా గడ్డకట్టి పలకల స్తంభాల్లా నిలిచిన జెయింట్స్ కాజ్‌వే రాళ్ళు చూడ్డానికి టికెట్టు లేదు. ఈ ఒక్క ముక్క తెలియక కారు దిగిన ప్రతివాళ్ళూ నేరుగా విజిటర్ సెంటర్ కౌంటర్ ముందు నిలబడతారు. రాళ్ళ దగ్గరికి వెళ్ళేది అందరికీ హక్కున్న దారి, సెంటర్ భవనాన్ని ఆనుకునే కిందికి దిగుతుంది. కాలినడకన వచ్చినవాళ్ళని ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. పెద్దవాళ్ళకి మనిషికి 15 పౌండ్ల చుట్టుపక్కల తీసుకునేది పార్కింగుకి, లోపలి ప్రదర్శనకి, చెవిలో పెట్టుకునే ఆడియో గైడుకి. రేటు సీజన్‌ని బట్టి మారుతుంది.

మరి ఆ టికెట్టు దండగా? అందరికీ కాదు. 2012లో తెరిచిన ఈ భవనం చూడదగ్గదే. 1.85 కోట్ల పౌండ్లతో కట్టారు. నల్లరాతి స్తంభాల వరస, పైన గడ్డి కప్పు, దూరం నుంచి చూస్తే కొండలో కలిసిపోతుంది. లోపలి ప్రదర్శన అరగంట పని. పదేళ్ళ లోపు పిల్లలుంటే, లేదా బయట వాన దంచుతుంటే, డబ్బు గిట్టుబాటే. నడిచే ఓపికున్న ఇద్దరు బస్సులో వస్తే మాత్రం అవసరం లేదు. ఇంగ్లండులోనో వేల్స్‌లోనో ఉంటూ ఈ స్థలాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థలో ఇప్పటికే సభ్యత్వం తీసుకున్న కుటుంబాలకి ఈ లెక్కే లేదు. ఆ కార్డుతో ఇక్కడ పార్కింగూ ప్రవేశమూ ఉచితం, ఇదే తీరంలో ఉన్న కారిక్-ఎ-రీడ్ తాళ్ళ వంతెనకీ అదే కార్డు పనిచేస్తుంది.

కారుండి టికెట్టు వద్దనుకునేవాళ్ళు పోర్ట్‌బాలింట్రే ఊళ్ళో సముద్రం పక్కన ఆపి నడవచ్చు. బుష్ నది మీది చిన్న వంతెన దాటి, ఇసుక దిబ్బల మధ్య చెక్క బాట మీదుగా, రంకెరీ బీచి వెంట, ఆ తర్వాత రంకెరీ కొండకొన చుట్టి సుమారు 2 మైళ్ళు, తీరుబడిగా 50 నిమిషాలు. ఇది డబ్బు మిగుల్చుకునే ఉపాయమని మొదలుపెడతారు గానీ, ఆ నడకే బాగుందని తర్వాత తెలుస్తుంది. టూరు బస్సులో వచ్చినవాడు రాళ్ళని పైనుంచి చూస్తాడు. ఇటునుంచి వచ్చినవాడికి మొత్తం అఖాతం ఒక్కో మలుపులో కొంచెం కొంచెంగా విచ్చుకుంటుంది.

రాళ్ళ దగ్గర

సుమారు 40,000 బసాల్ట్ స్తంభాలు, వయసు దాదాపు 6 కోట్ల ఏళ్ళు, 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆరు పలకలవే ఎక్కువ, అయిదు, ఏడు పలకలవీ బాగానే కనిపిస్తాయి, నాలుగో ఎనిమిదో ఉన్నవి వెతికితే దొరుకుతాయి. పిల్లలకి ఇదొక ఆట. ఎందుకిలా అయిందో మనవాళ్ళకి చెప్పడం తేలిక: ఎండాకాలం చెరువు ఎండి అడుగు మట్టి నెర్రెలిస్తే ముక్కలు ముక్కలుగా పలకలు కట్టినట్టే, లావా చల్లారి బిగుసుకుంటూ పగిలింది. చెరువులో నెర్రె జానెడు లోతుకి దిగి ఆగుతుంది. ఇక్కడ లావా మందంగా ఉంది కాబట్టి పగులు మీటర్ల కొద్దీ కిందికి దిగింది. ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవులు చూసినవాళ్ళకి ఈ స్తంభాలు కొత్తగా అనిపించవు, కాకపోతే ఇక్కడి పరిమాణం వేరు.

కాజ్‌వే అంటే వారధి. ఫిన్ మెకూల్ అనే మహాకాయుడు అవతలి ఒడ్డున స్కాట్లండులో ఉన్న బెనన్‌డానర్‌తో కలబడటానికి ఈ రాళ్ళు పరిచాడని కథ. వచ్చినవాడు తనకన్నా భారీగా ఉన్నాడని తెలిసి ఫిన్ పసిపిల్లాడి వేషంలో ఉయ్యాల్లో పడుకున్నాడట. 'పిల్లాడే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడో' అని అవతలివాడు వారధి తెంపుకుంటూ పారిపోయాడట. మన సేతువు వానరసేన కట్టింది, దీన్ని ఒక్కడే కట్టాడు, తేడా అంతే. తమాషా ఏమిటంటే స్కాట్లండు వైపు స్టాఫా దీవిలోనూ ఇవే స్తంభాలున్నాయి, కథ అల్లినవాళ్ళు ఊరికే అల్లలేదు.

సెంటర్ నుంచి రాళ్ళకి తారు రోడ్డు, ముప్పావు మైలు, దిగేటప్పుడు హాయిగా ఉంటుంది. ఎక్కేటప్పుడు మోకాళ్ళు అరిగినవాళ్ళకి కష్టం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్తే అక్కడ తిరిగే చిన్న బస్సు ఎక్కించండి, ఒకవైపుకి పౌండు లెక్కన ఉంటుంది. పోయేటప్పుడు నడిపించి వచ్చేటప్పుడు బస్సెక్కిస్తే చాలు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు: ఉత్సాహం మీద కిందికి బస్సులో పోయి, అలిసిపోయాక ఎత్తు ఎక్కుతూ ఆయాసపడతారు.

జారిపడటం గురించి. పొడిగా ఉన్న బూడిదరంగు రాయి మీద పట్టు బాగానే ఉంటుంది. నీళ్ళకి దగ్గరగా రాళ్ళు నల్లగా కనిపించే పట్టీ ఒకటుంటుంది. అలలు అక్కడిదాకా వస్తాయని ఆ రంగే చెబుతుంది. పాకుడు పట్టి సబ్బు పూసినట్టుంటుంది. ఆ నలుపు మీద కాలు పెట్టకండి, ఫొటో కోసం అసలు పెట్టకండి. అయిదు నిమిషాలు సముద్రం మెత్తగా ఉండి, ఆరో నిమిషంలో ఒక పెద్ద అల మోకాలెత్తు లేచి రావడం ఈ తీరంలో మామూలే. వీపు సముద్రం వైపు పెట్టి నిలబడకూడదన్నది ఇక్కడ మొదటి నియమం.

రెండోది నాణేల సంగతి. గోదావరి వంతెన మీద రైలు కిటికీలోంచి పైసలు విసిరే అలవాటున్న మనకి ఇక్కడ రాళ్ళ సందుల్లో ఇరికించిన నాణేలు చూస్తే చెయ్యి జేబులోకి పోతుంది. పోనివ్వకండి. ఉప్పుగాలికి లోహం తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రాయి అంచు పెచ్చులూడుతుంది, రాయి మీద తుప్పు చారికలు మిగులుతాయి. వాటిని తీయించి బాగుచేయడానికి 30,000 పౌండ్లకి పైగా అవుతుందని నేషనల్ ట్రస్ట్ 2025లో చెప్పి, ఈ పని మానమని సందర్శకులని వేడుకుంది.

చాలామంది రాళ్ళ మీద ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. ఇంకో పది నిమిషాలు ముందుకి నడిస్తే ఆర్గన్ అనే చోటు వస్తుంది. కొండగోడలో 12 మీటర్ల ఎత్తు స్తంభాలు చర్చి వాయిద్యం గొట్టాల్లా నిలువుగా పేర్చినట్టుంటాయి. జనం పలచబడతారు. దాని అవతల యాంఫీథియేటర్ అనే చోటు దాకా ఉన్న పాత దిగువ బాటని రాళ్ళు విరిగిపడుతున్నాయని చాలా ఏళ్ళ కిందటే మూసేశారు. గేటు దగ్గర ఆగిపోండి. కంచె దాటి వెళ్ళినవాళ్ళ ఫొటోలు చూసి మోసపోవద్దు.

అక్కడినుంచి వెనక్కి కొంచెం వచ్చి షెపర్డ్స్ స్టెప్స్ ఎక్కండి. 162 మెట్లు. కూర్చుని లేస్తూ ఎక్కినా పావుగంటే. పైనుంచి కనిపించేదే ఈ తీరం అసలు రూపం: నల్లలావా పొర, మధ్యలో ఎర్రమట్టి పట్టీ, మళ్ళీ నల్లపొర. రెండు లావా ప్రవాహాల మధ్య ఎంతో కాలం గడిచి, మొదటి రాయి పైభాగం వేడి వానల వాతావరణంలో మగ్గి మట్టిగా మారిందని ఆ ఎర్ర పట్టీ అర్థం. పైబాటన సెంటర్‌కి తిరిగి వస్తే మొత్తం 2 మైళ్ళ చుట్టు, ఫొటోలతో కలిపి రెండు గంటలు. ఒక్క పూటే ఉన్నవాళ్ళకి మేము చెప్పేది ఇదే: కిందినుంచి వెళ్ళి మెట్లెక్కి పైనుంచి రండి. మెట్లు దిగడం కన్నా ఎక్కడమే మోకాళ్ళకి మంచిది, తడి మెట్ల మీద దిగడం ప్రమాదం కూడా.

అసలు నడక: కాజ్‌వే నుంచి కారిక్-ఎ-రీడ్

పోర్ట్‌స్టూవర్ట్ నుంచి బాలికాసల్ దాకా మొత్తం కాజ్‌వే కోస్ట్ వే 33 మైళ్ళు. అందులో వైట్ రాక్స్ బీచికీ పోర్ట్‌బాలింట్రేకీ మధ్య భాగం చాలావరకు కార్లు దూసుకుపోయే రోడ్డు పక్కన. అక్కడ బస్సెక్కడం పిరికితనం కాదు, తెలివి. ఒక్కరోజే నడవగలిగితే కాజ్‌వే నుంచి తాళ్ళ వంతెన దాకా ఉన్న 12 మైళ్ళు, అంటే 19 కిలోమీటర్లు నడవండి. ఆగుతూ పోతే ఆరు గంటలు.

ఇటా అటా అన్న ప్రశ్నకి రెండు జవాబులున్నాయి. గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి కాజ్‌వే నుంచి బయల్దేరితే వీపున తోస్తుంది. కానీ వంతెనకి టైము స్లాటు ముందే కొనాలి. సాయంత్రం స్లాటు పెట్టుకుని 12 మైళ్ళు నడిస్తే రోజంతా గడియారం చూసుకుంటూ పరుగెత్తాలి. పొద్దున్నే వంతెన ముగించుకుని పడమరకి నడిస్తే ఆ బెంగ లేదు, పైగా కాజ్‌వే చేరేసరికి సాయంత్రం ఎండ రాళ్ళ మీద ఏటవాలుగా పడుతుంది. జూన్‌లో పది గంటల దాకా వెలుతురుంటుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి, అప్పుడు ఈ నడక మొత్తం పెట్టుకోకండి. కారుంటే నడక ముగిసే చోట ఆపి, పొద్దున బస్సులో మొదలుపెట్టే చోటుకి పోండి. చివరి బస్సు తప్పుతుందన్న భయం ఉండదు. 172, 402 నంబర్ల బస్సులు ఈ ఊళ్ళని కలుపుతాయి. ఆదివారాలూ చలికాలమూ చాలా తక్కువ తిరుగుతాయి, ఆ బస్సులు నడిపే ట్రాన్స్‌లింక్ యాప్‌లో ముందురోజు రాత్రి చూసుకోవాలి.

కాజ్‌వే నుంచి డన్‌సెవరిక్ కోట దాకా మొదటి 5 మైళ్ళు పూర్తిగా కొండ అంచునే. హామిల్టన్స్ సీట్ అనే చోట సముద్రం దాదాపు 100 మీటర్లు కింద. ఎదురుగా స్కాట్లండు దీవులు, వెనక మనం నడిచి వచ్చిన అఖాతాలన్నీ ఒకదాని వెనక ఒకటి. వీటిలో ఒకదాని పేరు పోర్ట్ నా స్పానియా. 1588 అక్టోబరులో స్పెయిన్ యుద్ధనౌకల దండు ఆర్మడాలోని ఓడ జిరోనా ఈ లకాడా కొనకి కొట్టుకుని ముక్కలైంది. 1967లో బెల్జియం గజ ఈతగాడు రాబర్ట్ స్టెనూయీ దాన్ని కనిపెట్టాడు. బయటికి తీసిన బంగారు నగలు బెల్‌ఫాస్ట్ అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి, మ్యూజియం ప్రవేశం ఉచితం. నడక ముందురోజు అవి చూసి వస్తే ఈ అఖాతం దగ్గర కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.

ఈ భాగంలో రెయిలింగు ఉండని చోట్లు చాలా. ఒకపక్క పొలం కంచె, ఇంకోపక్క గడ్డి, ఆ గడ్డి అవతల ఏమీ లేదు. అంచున పచ్చగా దిట్టంగా కనిపించే గడ్డి కింద మట్టి కోసుకుపోయి ఉండొచ్చు, మనిషి బరువుకి ఆగదు. అంచు నుంచి కనీసం రెండు నిలువుల దూరం. చిన్నపిల్లలతో ఈ 5 మైళ్ళు వద్దు. వాన పడిన మర్నాడు గేట్ల దగ్గర పశువులు తొక్కి చీలమండ దాకా బురద చేస్తాయి. మామూలు స్పోర్ట్స్ షూ తడిసి, అరిగిన అడుగుతో జారుతుంది, ఇక్కడ జరిగే చిన్న ప్రమాదాల్లో ఎక్కువ వాటికి అదే కారణం. గొడుగు తేవద్దు, మొదటి గాలికే తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ కోటు, లీటరున్నర నీళ్ళు తెచ్చుకోండి. పులిహోరో, చపాతీ చుట్టలో కట్టుకుంటే అదే భోజనం. దారిలో కొనుక్కుందామంటే కొట్లు లేవు.

డన్‌సెవరిక్ కోట అంటే రెండు గోడల ముక్కలు. దానికోసం ఎవరూ ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు. అయితే అక్కడ చిన్న పార్కింగు ఉంది. సగం నడకే చాలనుకునేవాళ్ళకి ఇదే ఆగే చోటు.

తర్వాత బాట కిందికి దిగి రాళ్ళ మధ్య నడుస్తుంది. పోర్ట్‌బ్రాడన్ ముందు కొండలోని ఒక కన్నంలోంచి దూరి అవతలికి వస్తారు, పిల్లలకి ఇది కాజ్‌వే కన్నా నచ్చినా ఆశ్చర్యం లేదు. అవతల వైట్ పార్క్ బే. మూడు మైళ్ళ తెల్లటి ఇసుక, వెనక సుద్దరాయి కొండలు, ఎండ కాచుకునే ఆవులు. ఇప్పటిదాకా నల్లగా ఉన్న తీరం హఠాత్తుగా తెల్లబడటం చూడాల్సిందే. రెండు హెచ్చరికలు: లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, ఈత వద్దు. పోటు మీద ఉన్నప్పుడు బీచి రెండు చివర్లలోనూ నీళ్ళు కొండ మొదలు దాకా వస్తాయి, దాటడం కుదరదు. బాలింటాయ్ వైపు చివర గుండ్రాళ్ళ మీద పాకుతూ పోవాలి, తడిగా ఉంటే చాలా నెమ్మది. అందుకే బయల్దేరే ముందు పోటుపాట్ల పట్టిక చూసి, ఆటు సమయానికి రెండు గంటలు అటూ ఇటూగా ఇక్కడికి చేరేలా లెక్క వేసుకోండి. ఈ నడకలో తప్పే లెక్క ఇదొక్కటే, తప్పితే గంట కూర్చోవాల్సిందే.

బాలింటాయ్ హార్బరులో మరుగుదొడ్లున్నాయి, సీజన్‌లో టీ దొరుకుతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సీరియల్ ఇక్కడ తీశారని వచ్చే కార్లతో వేసవి మధ్యాహ్నాల్లో ఆ సన్నటి వంకర రోడ్డు బిగుసుకుపోతుంది. కారులో పోయేవాళ్ళు పదింటి లోపే పోవాలి.

తాళ్ళ వంతెన

కారిక్-ఎ-రీడ్ అంటే దారికి అడ్డొచ్చిన బండ అని చెబుతారు, ఆ దారి సాల్మన్ చేపలది. వలస పోయే చేపలు ఈ దీవి చుట్టి పోవాలి కనక జాలర్లు 1755లోనే ఇక్కడ తాడు కట్టారు. 30 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడుగు. చేపల వేట 2002తో ఆగింది, వంతెన మిగిలింది. ఇప్పటిది ఉక్కు తీగలతో కట్టినది, ఊగుతుంది గానీ భయపడేంత కాదు.

నిజం చెప్పాలంటే దాటడం అర నిమిషం. పార్కింగు నుంచి కిలోమీటరు నడక, మెట్లు, వరస, దీవి మీద ఓ పావుగంట, మళ్ళీ వరస. మనిషికి 15 పౌండ్లకి కాస్త అటూ ఇటూ. సభ్యత్వం లేని నలుగురికి ఇది ఖరీదైన అర నిమిషమే. పిల్లలు పట్టుబడితే కొనండి, లేకపోతే ఒడ్డు మీంచే వంతెన, దీవి, అవతల రాత్లిన్ దీవి శుభ్రంగా కనిపిస్తాయి. గాలి ఎక్కువైతే మూసేస్తారు, ఆ నిర్ణయం అదే పొద్దున తీసుకుంటారు. అందుకని వాళ్ళ వెబ్‌సైటు చూశాకే బయల్దేరండి. చీర కొంగు, చున్నీ బొడ్లో గట్టిగా దోపుకోవాలి, రెండు చేతులూ తాళ్ళ మీద ఉండాలి కాబట్టి ఫోను జేబులో ఉండాలి. పిల్లల తోపుడుబండి వంతెన మీదికి పనికిరాదు.

మిగతావి, క్లుప్తంగా

డన్‌లూస్ కోట: మెక్‌డానెల్ వంశం కోట, సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద. 1639లో గాలివాన రాత్రి వంటిల్లు వంటవాళ్ళతో సహా సముద్రంలోకి జారిందని చెప్పుకుంటారు, కథగానే తీసుకోండి. లోపల ముప్పావుగంట. టికెట్టు తక్కువే, పిల్లలకి బాగుంటుంది. ఫొటో కావాలంటే లోపలికన్నా పక్కన గట్టు మీంచి బాగా వస్తుంది.

డార్క్ హెడ్జెస్: 1775 ప్రాంతంలో స్టూవర్ట్ కుటుంబం ఇంటిదారికి రెండు పక్కలా నాటిన బీచ్ చెట్లు. నాటినవి 150 దాకా, తుపానులకీ ముసలితనానికీ సగం దాకా పోయాయి. ఇంటర్నెట్ ఫొటోలో చూసిన చీకటి సొరంగం ఇప్పుడక్కడ లేదు. ఆ రోడ్డు మీద కార్లు నిషేధం, పక్క హోటల్ పార్కింగులో ఆపి నడవాలి. దారిలో తగిలితే ఇరవై నిమిషాలు, దీనికోసమే ప్రయాణం వద్దు.

ఫెయిర్ హెడ్: మొత్తం తీరంలో జనం తక్కువ, గొప్పతనం ఎక్కువ ఉన్నది ఇదే. 196 మీటర్ల నిట్టనిలువు కొండ, ప్రైవేటు పొలాల మీదుగా గుర్తులు పెట్టిన బాటలు, పార్కింగుకి చిల్లర రుసుము. అంచున కంచె లేదు, పొగమంచు పట్టిన రోజు పోకూడదు.

డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట. ఇది ఐర్లండు దీవి మీదే ఉన్నా యూకే. సరిహద్దులో బోర్డు కూడా సరిగ్గా కనిపించదు, మైళ్ళలో స్పీడు రాసిన పలకలు చూసి తెలుసుకోవాలి. చెకింగు లేదని వీసా అక్కర్లేదనుకోవడం తప్పు. ఐర్లండులో చదువుకునే, ఉద్యోగం చేసే భారత పాస్‌పోర్టువాళ్ళకి ఐరిష్ రెసిడెన్స్ కార్డు ఒక్కటే చాలదు, యూకే విజిటర్ వీసా ఉండాలి. బీఐవీఎస్ (BIVS, బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ముద్ర ఉన్న స్వల్పకాల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు రెండు వైపులా తిరగొచ్చు, వీసా మీద ఆ అక్షరాలున్నాయో లేదో చూసుకోండి. కొడుకు దగ్గర వీసా లేక, అమ్మానాన్నల దగ్గర ఉండే చిత్రమైన పరిస్థితి ఇక్కడే వస్తుంది. ఖర్చు పౌండ్లలో, ఐరిష్ సిమ్ రోమింగులో పడుతుంది, అద్దె కారు సరిహద్దు దాటడానికి కంపెనీ అనుమతి అడగాలి.

బెల్‌ఫాస్ట్ నుంచైతే కారులో 60 మైళ్ళు, గంటంబావు. రైలులో కోలరేన్ దాకా వచ్చి అక్కడ బస్సు మారొచ్చు. కొండ మీద ఎవరైనా పడితే 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి, ఉత్త అంబులెన్స్ అంటే అది రోడ్డు దాకానే రాగలదు.